ఓర్చుకున్న చెయ్యి

కన్నప్ప నాలుగో నిమిషంలోనే చేతులెత్తేశాడు. చేతులని మాటవరసకు అనడమే గానీ, కుడిచెయ్యి బల్ల మీద తాడుతో బిగించి ఉంది కాబట్టి ఎత్తింది ఎడమచెయ్యి ఒక్కటే. వలి, ఈ నొప్పి తాళలేను సామీ, విప్పేయండి అని తమిళమూ తెలుగూ కలిపి బతిమాలాడు. కాంపౌండరు లోకనాథం జేబు గడియారం చూసి, నోటుబుక్కులో నాలుగు అంకె వేసుకుని, నాగలి పట్టే చేతికి ఇంత సుకుమారమా అని నవ్వాడు. తన వంతు కోసం పక్కన కూర్చున్న వీరప్పకు కూడా నవ్వొచ్చింది.

అది వేలూరు పక్కన తొరపాడిలో ఒక అద్దె ఇంటి వసారా. 1917 ఎండాకాలం. సముద్రాల అవతల యుద్ధం నడుస్తోంది. దెబ్బ తిన్న సిపాయి ఒంట్లో రక్తమంతా కారిపోకుండా గాయానికి పైన బిగించే కట్టు ఏ రకం మంచిదో తేల్చి చెప్పమని మద్రాసులో ఒక కమిటీవాళ్లు డాక్టర్ రంగరాజులుకు మూడు రకాలు పంపారు. ఒకటి రబ్బరు గొట్టం. రెండోది వెడల్పాటి తోలుపట్టీకి ఇత్తడి మర తగిలించినది. మూడోది కొత్తగా కనిపెట్టింది, చిటికెన వేలంత సన్నటి తాడూ దాన్ని మెలిపెట్టడానికి జానెడు కర్రా. గాయాలు లేనివాళ్ల దండచేతికే, మోచేతికి పైన, వీటిని కట్టి, మణికట్టు దగ్గర నాడి ఎంత బిగిస్తే ఆగుతుందో, మనిషి ఎంతసేపు ఓర్చుకుంటాడో రాయాలి. అరగంట దాటి ఏ చేతికీ ఉంచకూడదని డాక్టరు నియమం పెట్టుకున్నాడు. శనివారం మధ్యాహ్నం టపాలో రిపోర్టు మద్రాసుకు వెళ్లిపోవాలి.

రోజుకూలికి చేతులు అరువివ్వడానికి వచ్చినవాళ్లు ఇద్దరే. కన్నప్పది నెమిలి దగ్గర పల్లె, బావి అడుగంటిపోయి సేద్యం లేక ఊరికే ఉన్నాడు. వీరప్పది గుడియాత్తం, నేతపని. మిల్లు నూలు రాక అతని మగ్గం మూడు వారాలుగా పడుకుంది. ఇద్దరికీ మొదటిరోజు డాక్టరు చెప్పిన మాట ఒకటే. నొప్పి భరించలేనప్పుడు చెప్పండి, విప్పేస్తాం అని.

కన్నప్ప ఆ మాటను ఆ మాటగానే విన్నాడు. వీరప్ప మాత్రం పందెంగా విన్నాడు. అతణ్ణి అని లాభం లేదు. గుడియాత్తం దేవాంగుల వీధిలో చౌడేశ్వరమ్మ పండగకు అమ్మవారి ముందు కత్తులు పట్టే వీరకుమారుల్లో అతనొకడు. పన్నెండో ఏటి నుంచీ రొమ్ము మీదా ముంజేతుల మీదా కత్తి వేసుకుని, రక్తం చిమ్మితే పసుపు పొడి చల్లించుకుని, అడుగు తడబడకుండా గుడిదాకా నడిచినవాడు. ఆ నడకలో అబ్బా అన్నవాడికి వీధిలో ఏడాదిపాటు మొహం చెల్లదు. అలాంటివాణ్ణి బల్ల ముందు కూర్చోబెట్టి నొస్తే చెప్పమంటే ఏం చెబుతాడు?

అతని వంతు వచ్చినప్పుడు చొక్కా చేతిని భుజందాకా మడిచి, మోచేతికి పైన లోకనాథం తాడు చుట్టేవాడు. కర్ర దూర్చి ఒక మెలిక, రెండు మెలికలు, మూడు. డాక్టరు రెండు వేళ్లు మణికట్టు మీద పెట్టి కళ్లు మూసుకుని, ఆగింది అనేవాడు. అక్కణ్ణించి గడియారం లెక్క. తాడుకు అటూ ఇటూ కండ రెండు గుట్టలుగా లేచేది. చెయ్యి మొదట ఎర్రబారి, తరవాత పాలిపోయేది. ఐదో నిమిషానికి వేళ్లలో సూదులు, పదో నిమిషానికి ఎముకను ఎవరో రంపంతో కోస్తున్నట్టు. వీరప్ప ఎదురుగా ఉన్న సున్నపు గోడ మీద ఒక పెచ్చు ఊడిన చోటు చూస్తూ లోలోపల అమ్మవారి దండకం చదువుకునేవాడు. ఎలా ఉందని డాక్టరు అడిగితే, పర్వాలేదు సార్ అనేవాడు. అరగంట కాగానే లోకనాథమే విప్పేవాడు. రబ్బరు గొట్టానికీ అరగంటే, ఇత్తడి మరకూ అరగంటే, తాడుకూ అరగంటే. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి.

బుధవారానికి చిక్కు వచ్చింది. వీరప్ప అంకెలు ఒక వైపు లాగుతుంటే కన్నప్ప అంకెలు ఇంకో వైపు లాగుతున్నాయి. కన్నప్ప ఇత్తడి మర తోలుపట్టీని పద్నాలుగు నిమిషాలు ఓర్చుకుంటే, రబ్బరును తొమ్మిది, తాడును నాలుగైదుకు మించి ఓర్చుకోలేదు. డాక్టరు రెండు వరసలూ పక్కపక్కన పెట్టుకుని గడ్డం గోక్కున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. రాత్రింబగళ్లు రోగుల్ని చూసి, మధ్యలో ఈ పని నెత్తినేసుకున్న మనిషి. పైగా తాడుకట్టు ఆయనకు నచ్చింది. తేలిక, చవక, జేబులో పడుతుంది, మూడు మెలికలకే నాడి ఆగుతుంది. రబ్బరు ఈ ఎండలకు జిగురై పగిలిపోతోంది. ఇత్తడి మరలో ఇసుక పడితే తిరగదు. వీరప్ప చేతికి ఏమీ కాని తాడు కన్నప్ప చేతికి మాత్రం ఎందుకవుతుందని లోకనాథం అడిగాడు. త్వరగా విప్పించుకుని వేపచెట్టు నీడన పడుకోవడానికి వేషాలు వేస్తున్నాడని కూడా అన్నాడు. డాక్టరు కాసేపు తటపటాయించి, కన్నప్ప పేరున్న వరస మీద ఎర్ర పెన్సిలుతో అడ్డంగా గీత కొట్టాడు. రేపటి నుంచి రానక్కర్లేదని కబురు లోకనాథమే చెప్పాడు.

కన్నప్ప గొడవ చేయలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటూ వీరప్ప దగ్గర ఆగాడు.

"నేను అబద్ధం చెప్పలేదప్పా. నొచ్చింది కాబట్టి నొచ్చిందంటి. నీకు నిజంగానే నొయ్యలేదా?"

"నాకేం లేదు," అన్నాడు వీరప్ప.

కన్నప్ప తలూపి వెళ్లిపోయాడు. వంగిన ఆ వీపు వాకిలి దాటేదాకా వీరప్ప చూస్తూనే ఉన్నాడు. తను ఒక్క మాట అంటే ఆ మనిషికి దొంగవేషాలవాడనే పేరు తప్పేదని అతనికి తెలుసు. కానీ ఆ మాట అంటే తన పేరు పోతుంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని లోపలికి వెళ్లి చెయ్యి చాపాడు.

గురువారం మధ్యాహ్నం తాడు కట్టినప్పుడు ఒక వింత జరిగింది. ఇరవయ్యో నిమిషం దగ్గర నొప్పి ఉన్నట్టుండి పోయింది. తగ్గడం కాదు, దీపం ఆర్పినట్టు పోయింది. అమ్మవారే దయతలచి తీసేసిందనుకుని వీరప్ప మనసులో దండం పెట్టుకున్నాడు. కట్టు విప్పాక మొహం తుడుచుకోబోతే తువ్వాలు చేతిలోంచి జారి కింద పడింది. ఎడమచేత్తో తీసుకున్నాడు. డాక్టరు అతని వీపు తట్టి, నీలాంటివాళ్లు పదిమంది ఉంటే నా పని రెండు రోజుల్లో అయిపోయేదని మెచ్చుకున్నాడు. పని అయిపోయిందనీ, పొద్దున్నే ఊరికి వెళ్లొచ్చనీ చెప్పాడు.

శుక్రవారం పొద్దున తను దిగిన సత్రం బావి దగ్గర మొహం కడుక్కోవడానికి చెంబు ఎత్తబోయాడు. వేళ్లు చెంబు అంచును పట్టుకున్నాయి గానీ మణికట్టు లేవలేదు. చెయ్యి ముంజేతి చివర వేలాడుతోంది, వడలిన ఆకు కాడకు వేలాడినట్టు. ఎడమచేత్తో దాన్ని పైకెత్తి వదిలాడు. మళ్లీ వాలిపోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని గోటితో గట్టిగా గిచ్చుకున్నాడు. ఎవరి చర్మాన్నో గిచ్చినట్టుంది. నిన్న నొప్పిని తీసేసింది అమ్మవారు కాదని అప్పుడు వీరప్పకు తెలిసింది.

డాక్టరు ఇల్లు అక్కడికి నాలుగు అడుగుల దూరం. వెళ్లి చూపించవచ్చు. కానీ ఏమని చూపిస్తాడు? నాలుగు రోజులుగా పర్వాలేదు పర్వాలేదన్న నోటితో ఇప్పుడేమంటాడు? రాత్రి చెయ్యి మడిచి పడుకున్నానేమో, ఎండెక్కితే సర్దుకుంటుందిలే అని తనకు తనే చెప్పుకుని, చెయ్యిని తువ్వాలులో చుట్టి కాట్పాడి వెళ్లే బండి ఎక్కాడు. పాలారు ఇసుకలో బండి ఊగుతున్నంతసేపూ తువ్వాలు కింద వేళ్లు కదపడానికి చూస్తూనే ఉన్నాడు. ముడవడానికి కొంచెం ముడుస్తున్నాయి, చాపమంటే చాపడం లేదు. రైలు దిగి గుడియాత్తం వీధిలో అడుగుపెట్టేసరికి ఎండ నడినెత్తికెక్కింది. చెయ్యి మాత్రం సర్దుకోలేదు.

ఇంటి గడపలోనే భార్య అమరావతి ఎదురొచ్చింది. ఆమె మొహం చూస్తేనే తెలిసిపోయింది. నూలు వచ్చింది. అతను వెళ్లిన సోమవారమే వ్యాపారి చెంగల్రాయలు కట్టలు పంపించాడట. వీధివాళ్ల సాయంతో పడుగు చాచి గంజి పెట్టించి, మగ్గం మీది పాత పోగులకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటే మెలిపెట్టి అతికి నిన్న సాయంత్రానికి ముగించిందట. ఆమె బొటనవేలూ చూపుడువేలూ బూడిద రాసి రాసి తెల్లబడి, చివరన చర్మం లేచిపోయి ఉన్నాయి. నువ్వు కూర్చోవడమే తరువాయి మామా అంది. ఇంత సంతోషం ఆ ఇంట్లో నెల రోజులుగా లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు గానీ, ఇలా వరం మీద పడ్డ పోటుకు ఏమనాలో వీరప్పకు తెలియలేదు.

అన్నం తర్వాత చేస్తానన్నాడు, ఒళ్లు నొప్పులన్నాడు. ఆమె వింటేగా. చివరికి మగ్గం గుంటలోకి దిగి కూర్చుని, కాళ్లతో చెక్క తొక్కాడు. పడుగు నోరు తెరుచుకుంది. కుడిచేత్తో పేక కండె ఉన్న నాడె అందుకున్నాడు. నాడె విసరడానికి బలం అక్కర్లేదు, మణికట్టు ఒక్కసారి పైకి లేచి విదిలిస్తే చాలు, అది పోగుల మీద జారి అవతలి చేతిలో వాలుతుంది. పదేళ్ల వయసు నుంచి లక్షసార్లు చేసిన పని. ఇప్పుడు మణికట్టు లేవలేదు. నాడె రెండు జానలు పోయి పోగుల మధ్య పక్కకు తిరిగి ఆగిపోయింది. మళ్లీ తీశాడు. ఈసారి వేళ్ల సందులోంచే జారి గుంటలో, పాదాల మీద పడింది.

అమరావతి కండెలు చుడుతున్న రాట్నం ఆపి వచ్చి, అతని తువ్వాలు తీసి చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. దండచేతి మీద తాడు చార నల్లగా కమిలి ఉంది. ఆమె దాని చుట్టూ వేలితో తడిమింది. అతను తల ఎత్తకుండా మొత్తం చెప్పాడు. మొదటి రోజు నుంచీ నొస్తూనే ఉందన్నాడు. కన్నప్ప సంగతి కూడా చెప్పాడు.

"మొదట్నించీ నొస్తా ఉంటే, చెప్పేదానికేమి?" అని అడిగింది.

"వీరకుమారుడు నొప్పని ఎట్లా అంటాడు?"

"అమ్మవారి ముందర కత్తి నీ చేతిలో ఉంటాది మామా. యాడ ఆపాలో నీకు తెలుసు. ఈడ తాడు ఇంకొకరి చేతిలో ఉండాది. నువ్వు చెప్తే కదా వాళ్లకు తెలిసేది?" ఆమె తాడు చార మీద వేలు పెట్టింది. "వాళ్లు పరీక్ష పెట్టింది నీకు కాదు, ఆ తాడుకు. మా తమ్ముడు చిన్నరాజు సిపాయిగా బస్రా యుద్ధంలో ఉండాడు. రేపు వాడికేమన్నా అయితే వాడి చేతికి బిగించేది ఆ తాడునే. వీరప్ప చేతికేమీ కాలేదని కాగితంలో రాసుకుని మరీ బిగిస్తారు."

వీరప్ప ఇంతసేపూ తన చెయ్యి గురించే ఏడ్చాడు. ఆమె ఆ మాట అన్నాక ఇంకొకళ్ల చేతులు కూడా కనిపించాయి. ఊరూ పేరూ తెలియని చేతులు, అన్నీ మణికట్టు దగ్గర వాలిపోయి. రిపోర్టు రేపు మధ్యాహ్నమే టపాలో పడుతుందని గుర్తొచ్చింది. నువ్వు చెప్పలేకపోతే నేనొచ్చి చెప్తానంది అమరావతి. వద్దు, నేనే చెప్తానన్నాడు. అడుసు తొక్కింది తనే, కాలు కడుక్కోవలసిందీ తనే.

శనివారం తెల్లవారి మొదటి రైలుకే బయలుదేరాడు. కాట్పాడిలో దిగాక గుర్రబ్బండివాడు నలుగురు ఎక్కితే గానీ కదలనన్నాడు. నలుగురూ ఎక్కేదాకా ఆగలేక వీరప్ప పాలారు ఇసుకలో పడి నడిచాడు. తొరపాడి చేరేసరికి పదకొండు దాటింది. డాక్టరు వసారాలో కూర్చుని లక్క కరిగించి పొడుగాటి కవరు మీద ముద్ర వేస్తున్నాడు. లోకనాథం దాన్ని టపాకచేరికి తీసుకెళ్లడానికి తలపాగా చుట్టుకుంటున్నాడు.

ఏం వీరప్పా, ఏమన్నా మరిచిపోయావా అని అడిగాడు డాక్టరు.

దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ వీరప్పకు ఆ క్షణంలో ఎగిరిపోయాయి. మెట్టు కిందే నిలబడి తువ్వాలు విప్పి, కుడిచెయ్యి ముందుకు చాపాడు. అది వాలిపోయింది.

"నేను అబద్ధం చెప్పినాను సార్. నొచ్చింది. మూడు కట్లూ నొచ్చినాయి. తాడు శానా నొచ్చింది, మొదటి దినం నాలుగో నిమిషం నుంచీ నొచ్చింది. కన్నప్ప చెప్పిందే నిజం."

చెప్పేశాక, వారం రోజులుగా గుండెల మీద ఉన్న బండ ఎవరో దించినట్టయింది. తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ అనుకున్నాడు. డాక్టరు మొహం మొదట ఎర్రబడింది. ఇన్నాళ్ల పని మట్టిపాలు చేశావు కదరా అన్నట్టు నోరు తెరిచాడు. కానీ కళ్లు ఆ వాలిన చేతి మీద పడ్డాక ఆ మాట లోపలే ఆగిపోయింది. దగ్గరికి వచ్చి వీరప్పను బల్ల మీద కూర్చోబెట్టి, గుండుసూది తీసుకుని చేతివెనక గుచ్చుతూ ఇక్కడ తెలుస్తోందా, ఇక్కడ తెలుస్తోందా అని అడిగాడు. వీరప్ప ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. లేదు. లేదు. ఇక్కడ కొంచెం. లేదు. స్పర్శ తెలియనంత మేరా డాక్టరు సిరాతో గీత గీశాడు. బొటనవేలి పక్క నుంచి చేతివెనక సగందాకా వచ్చింది.

ఆయన సిరాబుడ్డి పక్కకు జరిపాడు. తరవాత కోటు విప్పి, చొక్కా చెయ్యి మడిచి, తన చెయ్యి బల్ల మీద పెట్టి లోకనాథాన్ని తాడు కట్టమన్నాడు. లోకనాథం బిత్తరపోయి, మీకెందుకు సార్ అన్నాడు. కట్టమన్నాను కదా అన్నాడు డాక్టరు.

మూడు మెలికలు పడ్డాయి. గడియారం బల్ల మీద పెట్టారు. రెండో నిమిషంలో డాక్టరు నుదుటి మీద చెమట పట్టింది. మూడో నిమిషంలో కాలు కదిలించడం మొదలుపెట్టాడు. నాలుగో నిమిషం దాటి పావు నిమిషం కాకుండానే రెండో చెయ్యి ఎత్తాడు. లోకనాథం గబగబా విప్పాడు. చెయ్యి రుద్దుకుంటూ డాక్టరు నోటుబుక్కు తెప్పించుకుని, ఎర్ర గీత కింద ఉన్న అంకెల్ని ఒక్కొక్కటీ మళ్లీ చదివాడు. వేషాలేశాడన్న లోకనాథం తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"తప్పు నీ ఒక్కడిది కాదప్పా," అన్నాడు డాక్టరు. "నొప్పి అన్నవాడి మాట కొట్టేసి, అననివాడి మాట నమ్మినాను. ఒక్కసారన్నా నా చేతికి కట్టి చూసుకుని ఉండాల్సింది."

చెయ్యి వస్తుందా సార్ అని వీరప్ప అడిగాడు. ఆ ప్రశ్న కోసం కూడా గుడియాత్తం నుంచి వచ్చానని అప్పుడు తెలిసింది అతనికి. డాక్టరు అతని కళ్లలోకి చూసి, నరం నలిగింది, తెగలేదన్నాడు. నలిగినవి మామూలుగా తిరిగి వస్తాయి. వారమో, నెలో, ఇంకా పైనో చెప్పలేనన్నాడు. అబద్ధపు ధైర్యం చెప్పకుండా అంతే అన్నందుకు వీరప్పకు ఆయన మీద గురి కుదిరింది. మణికట్టు వాలకుండా డాక్టరు ఒక పలచటి చెక్క పెట్టి గుడ్డతో కట్టాడు. ఆ తర్వాత లక్క ముద్ర పగలగొట్టి, రిపోర్టు తీసి, పేజీల మీద అడ్డంగా రెండు గీతలు కొట్టాడు. మద్రాసుకు తంతి రాయించాడు. పరీక్ష పూర్తి కాలేదనీ, రెండు వారాలు గడువు కావాలనీ. కన్నప్పను పిలుచుకు రావడానికి లోకనాథాన్నే నెమిలికి పొమ్మన్నాడు. లోకనాథం తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు.

తంతి వెళ్లాక డాక్టరు అంతవరకూ ఎవరినీ అడగని మాట వీరప్పను అడిగాడు. మూడింట్లో ఏది తక్కువ నొచ్చింది అని. తోలుపట్టీ అన్నాడు వీరప్ప. ఎందుకని? వీరప్ప ఆలోచించాడు. డాక్టర్లకు ఎలా చెప్పాలో తెలియదు గానీ, మంచాల గురించి అతనికి తెలుసు.

"నులక మంచం మీద ఉత్తగా పడుకుంటే తెల్లారేసరికి ఒంటి మీద చారలు పడతాయి సార్. నవారు మంచం మీద పడవు. మనిషి బరువు ఒకటే. నులక సన్నం, నవారు వెడల్పు, అంతే."

డాక్టరు లేచి లోపలికి వెళ్లాడు. తన మంచం నవారులోంచే మూరన్నర ముక్క కోసి తెచ్చాడు. ఆ కర్రనే దూర్చి తన ఎడమచేతికి మెలిపెట్టించుకున్నాడు. నాలుగు మెలికలు పట్టాయి గానీ నాడి ఆగింది. ఈసారి పన్నెండు నిమిషాల దాకా ఆయన కాలు కదపలేదు. విప్పాక చూస్తే చెయ్యి మీద వెడల్పాటి ఎర్రటి ముద్ర తప్ప తాడు చారలాంటిది లేదు. మంచం నవారు వదులుగా ఉండి సాగుతోందని వీరప్ప చూడగానే పట్టేశాడు. పడుగు పోగులు పేని, పేక దగ్గరగా కొట్టి నేస్తే సాగదన్నాడు. గంజి మాత్రం పెట్టకూడదు, పెడితే జారుతుందన్నాడు. నేసి ఇవ్వగలవా అని అడిగాడు డాక్టరు. వీరప్ప చెక్కకట్టులో ఉన్న చెయ్యి వంక చూసుకుని, ఇంట్లో ఇంకో రెండు చేతులున్నాయి సార్ అన్నాడు.

అలా వారం రోజులు ఆ ఇంట్లో ఒక మగ్గానికి ఇద్దరు కూర్చున్నారు. చెంగల్రాయలు లుంగీల కోసం తొందర చేస్తే, ఆగమని అమరావతే పోయి చెప్పొచ్చింది. లుంగీల పడుగు చుట్టి పక్కన పెట్టి, పట్టీలకు సన్నటి పడుగు వేసుకుని, వీరప్ప గుంటలో కూర్చుని కాళ్లు ఆడిస్తూ ఎడమ వైపు నుంచి నాడె తోసేవాడు. గుంట గట్టు మీద కుడి వైపున అమరావతి కూర్చుని దాన్ని అందుకుని తిప్పి తోసేది. నాలుగు వేళ్ల వెడల్పు కాబట్టి దూరమేమీ లేదు. మొదటి రోజు ఆమె ఒక పోగు వెనక, అతను ఒక అడుగు ముందు. ఇద్దరి లయా కలవక అంచు వంకర్లు పోయింది. విప్పి మళ్లీ నేశారు. మూడో రోజుకు కలిసింది. వీధిలో ఆడవాళ్లు వాకిట్లో నిలబడి, ఇదేం విడ్డూరం, మొగుడూ పెళ్లాం నాడె ఇచ్చిపుచ్చుకుంటున్నారని ఎకసెక్కాలాడారు. అమరావతి కూడా వాళ్లతోపాటు నవ్వి పని చూసుకుంది.

నేసిన పట్టీలు నాలుగు మొదట పంపారు. గురువారం తొరపాడి నుంచి లోకనాథం రాసిన కార్డు వచ్చింది. ఇంట్లో ఇద్దరికీ మాట తెలుగే గానీ చదువు తమిళమేనని తెలిసి తమిళంలోనే రాశాడు. కన్నప్ప కొత్త పట్టీని పంతొమ్మిది నిమిషాలు ఓర్చుకుని, ఇక చాలన్నాడట. అనగానే విప్పేశారట. అతని పాత అంకెలన్నీ డాక్టరు నల్లసిరాతో మళ్లీ రాయించారట. చివరన, నేను కన్నప్పను క్షమాపణ అడిగాను, నీకు తెలియాలని రాస్తున్నాను అని ఒక ముక్క ఉంది. వీరప్ప ఆ ముక్క రెండుసార్లు చదువుకున్నాడు. తనూ ఒకసారి నెమిలికి పోయి రావాలనుకున్నాడు. చెయ్యి మాత్రం అలాగే ఉంది. అమరావతి పొద్దునా సాయంత్రం గోరువెచ్చని నువ్వులనూనె రాసి, చెక్క విప్పి, మణికట్టును తనే పైకీ కిందకీ ఆడించి మళ్లీ కట్టేది. లేస్తోందా అని ఆమె అడగడం మానేసింది. అతనూ చెప్పడం మానేశాడు.

ఆదివారం ఉదయం ఎనిమిదో పట్టీ మీద ఉన్నారు. పడుగులో ఒక పోగు పుటుక్కున తెగింది. అలవాటు కొద్దీ వీరప్ప కుడిచెయ్యి చెక్కతో సహా ముందుకు పోయింది. తెగిన పోగు కోసం వంగిన అమరావతి మోచెయ్యి దాని వెనక గట్టిగా తగిలింది.

వీరప్ప కాళ్లు ఆగిపోయాయి. బొటనవేలి పక్కన, సిరాగీత చెరిగిపోయిన చోట, నిప్పురవ్వ పడ్డట్టు చురుక్కుమంది. చురుకు అక్కడ ఆగకుండా మణికట్టు మీదుగా మోచేతిదాకా పాకింది. ఎడమచేత్తో కట్టు పీకి చెక్క తీసి పడేశాడు. ఊపిరి బిగబట్టి చెయ్యి లేపమని లోపలి నుంచి చెప్పాడు. మణికట్టు పైకి రాలేదు. చూపుడువేలు మాత్రం కొంచెం, బియ్యపు గింజంత, లేచి పడింది. మళ్లీ లేపాడు. మళ్లీ లేచింది, దాంతోపాటు చెయ్యంతా మంట లేచింది.

"అమరావతీ, నొస్తా ఉండాది," అన్నాడు.

ఆమె ముఖం పాలిపోయింది. "యాడ? ఎంత?"

"ఈడ. శానా. తాళలేకుండా ఉండాను."

అంటూనే అతని కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. పెదాలు మాత్రం నవ్వుతున్నాయి. అప్పుడు ఆమెకు అర్థమైంది. నాడె గట్టు మీద పెట్టేసి, ఆ వేలిని రెండు చేతుల మధ్య పెట్టుకుని, మళ్లీ ఆడించు మామా, మళ్లీ ఒకసారి ఆడించు అని అడుగుతూ కూర్చుంది. ఏమైందోనని పక్కింటి పచ్చయమ్మ పరిగెత్తుకొచ్చింది. ఆమె వెనక ఎదురింటి గోవిందస్వామి వచ్చాడు. అమ్మవారి పండగలో వీరప్ప పక్కనే కత్తి పట్టేవాడు ఆయన. ఎందుకేడుస్తా ఉండావని గోవిందస్వామి అడిగితే, వీరప్ప కుడిచెయ్యి ఆయన ముందుకు చాపి, చెయ్యి నొస్తా ఉండాదన్నా, నిండా నొస్తా ఉండాది అని చెప్పాడు. ఆ మధ్యాహ్నందాకా వాకిట్లోకి ఎవరొచ్చినా అదే మాట చెప్పాడు.